దుబాయ్ విమానంలో లెక్కతేలని గంటలు

భూగోళంలో ఎక్కడ నేరం జరిగినా దాని కూపీ కావలి పక్కనున్న తమ బోగోలులోనే తేలుతుందని రొయ్యల మేత కొట్టు టైటస్ ప్రకటించుకున్నాడు. తన కంటికి చిక్కని నేరస్థుడు ఇంకా పుట్టలేదని మేత బస్తాల మీద కూర్చుని అనేవాడు. చిక్కినవాడూ ఇంతవరకూ పుట్టలేదు, అది వేరే సంగతి.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్ళ పిన్ని రెబెక్కమ్మ ఇంట్లో కాబోయే అల్లుడు రూఫస్‌కు భోజనం. రూఫస్ దుబాయ్‌లో ఏసీ మెకానిక్. మర్నాడే పిన్ని కూతురు ఏంజెలిన్‌తో ప్రధానం, అంటే నిశ్చితార్థం. చేపల పులుసు ఉడికేలోగా అతను ప్రయాణం కబుర్లు చెప్పాడు. పోయినేడు మద్రాసులో పదింటికి ఎక్కితే ఒంటిగంట లోపే దుబాయ్‌లో దిగాడట. మొన్న అక్కడ పదింటికి ఎక్కితే మద్రాసులో దిగేసరికి మూడున్నర.

టైటస్ కనుబొమ్మ లేచింది. పోయేటప్పుడు మూడు గంటలు కూడా లేదు, వచ్చేటప్పుడు ఐదున్నర. సముద్రం అదే, మూడువేల కిలోమీటర్ల దూరమూ అదే. రెబెక్కమ్మను వంటింట్లోకి లాక్కెళ్ళి తలుపు వేశాడు.

"పిన్నీ, విమానం పల్లెవెలుగు బస్సు కాదు, చెయ్యెత్తిన చోటల్లా ఆపడానికి. మధ్యలో మస్కట్‌లో దిగినాడు. అక్కడ ఇంకో సంసారం ఉండాది."

రెబెక్కమ్మ గరిటె పట్టుకునే కూలబడింది. పాస్టరు గారికి ఫోన్ చేసి ప్రధానం ఆపమందామా అని కళ్ళొత్తుకుంది. తలుపవతల వింటున్న ఏంజెలిన్ ముఖం పాలిపోయింది. అయినా తిన్నగా వెళ్ళి రూఫస్ ఎదుట నిలబడి, ఆ గంటలు ఏమైనాయో చెప్పమంది.

రూఫస్ నోరు తెరిచాడు. వెనకే వచ్చిన టైటస్ చెయ్యి అడ్డం పెట్టాడు. విచారణలో తాను అడగనిదే నిందితుడు మాట్లాడకూడదన్నాడు. రూఫస్ మళ్ళీ తెరిచాడు. టైటస్ మళ్ళీ మూయించి, నేరస్థుడి ముఖకవళికలు ఫొటో తీయడానికి ఫోన్ బయటికి లాగాడు. కంగారులో వేలు ఎక్కడ తగిలిందో, ఫోన్ మోగి తెర మీద వాళ్ళ పెదనాన్న కూతురు అబిగయీలు ప్రత్యక్షమైంది. ఆమె దుబాయ్‌లో నర్సు.

"ఏందన్నా, డ్యూటీలో ఉండా. పదకొండున్నరకి వీడియో కాలేంది?"

ఆమె వెనక గోడగడియారంలోనూ పదకొండున్నరే. ఏంజెలిన్ తలతిప్పి ఇంట్లో గడియారం చూసింది. ఒంటిగంట.

"అక్కా, అక్కడ మనకంటే గంటన్నర వెనకా?" అని అడిగింది.

"అవును మే, తెలీదా? పొయ్యేటప్పుడు గంటన్నర కలిసొస్తది, వచ్చేటప్పుడు పోతది. విమానం ఎటు పోయినా నాలుగు గంటలే."

"అదే చెప్పబోతుండా ఇందాకట్నించి," అన్నాడు రూఫస్ నీరసంగా.

ఏంజెలిన్ పోయిన ప్రాణం లేచివచ్చినట్టు గోడకానుకుని నవ్వింది. రెబెక్కమ్మ కళ్ళు తుడుచుకుని గరిటె వంక చూసింది, తర్వాత టైటస్ వంక చూసింది. టైటస్ ఒకడుగు వెనక్కి వేసి గొంతు సవరించుకున్నాడు.

"కేసు తేలిపోయింది. దోషి సూర్యుడు. కావలి పోలీసుల పరిధిలోకి రాడు కాబట్టి వదిలేస్తుండా."

అని గంభీరంగా విస్తరి ముందు కూర్చున్నాడు. ఏంజెలిన్ రూఫస్‌కు రెండు చేప ముక్కలు వడ్డించి, గిన్నె మీద మూత పెట్టేసింది.

"నీకు దుబాయ్ టైము ప్రకారం పెడతాంలే అన్నా. గంటన్నర ఆగు."