తలుపు సందులో ఉన్న నంబరు

పికప్ ట్రక్కు బ్రోచర్ మొదటి పేజీలో ఒక నంబరు ఉంటుంది. ఈ ట్రక్కు ఎంత బరువు లాగగలదో చెప్పే నంబరు. దాన్ని తిట్టేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఆ నంబరు మనిషికి జరిగిన మేలు అని నేను నమ్ముతున్నాను. దాని తరఫున వాదించడానికి ఈ వారం ఈ కాలమ్ వాడుకుంటున్నాను.

నా ట్రక్కు నంబరు పదకొండు వేల మూడు వందల పౌన్లు.

చూశారా? చదవగానే నా మీద మీకు కాస్త గౌరవం పెరిగింది. అదే దాని పని!

మా ఐడహోలో ఇద్దరు మగాళ్లు హార్డ్‌వేర్ షాపు ముందు ఎదురుపడితే ఒకరి ఆరోగ్యం గురించి ఒకరు అడగరు. అవతలివాడి ట్రక్కు చుట్టూ ఒకసారి తిరిగి, టైరును బూటుతో తన్ని, "ఎంత లాగుతుంది?" అంటారు. నేను నలభై ఏళ్లు పత్రికలో పనిచేశాను. ఎన్నికలు రాశాను, అడవి మంటలు రాశాను, కోర్టు తీర్పులు రాశాను. షాపు ముందు వాటి గురించి నన్ను ఎవరూ ఏనాడూ అడగలేదు. పదకొండు వేల మూడు వందల గురించి మాత్రం అడిగారు. రెండుసార్లు అడిగినవాళ్లు కూడా ఉన్నారు.

"ఎంత మోస్తుంది?" అని ఎవరూ అడగరు. అడిగితే వాడు ఈ ఊరివాడు కాదన్నమాట.

ఈ నంబరు చేసే అసలు మేలు ఏమిటంటే, అది మనిషిని లెక్కల నుంచి కాపాడుతుంది. పెద్ద నంబరు ఒకటి చేతిలో ఉంటే చిన్న నంబర్లతో పనేముంది? కావాలంటే మా ఇంటి సంగతే చూడండి.

నా భార్య మార్లిస్, ఆమె అక్క వెల్డా, నేను. ముగ్గురం ముప్పై ఒక్క ఏళ్ల పాటు ఆగస్టు రెండో వారంలో టిన్‌కప్ సరస్సు ఒడ్డున టెంటు వేశాం. వెళ్లగానే వెల్డా ప్యాంటు మడిచి మోకాళ్ల దాకా నీళ్లలోకి దిగి, "చల్లగా ఉన్నాయి!" అని కేకేస్తుంది. ప్రతి ఏడాదీ అదే కేక. అది వినిపిస్తేనే మాకు సెలవులు మొదలైనట్టు.

నిరుడు ఆమెకు తుంటి కీలు మార్చారు. నేల మీద పడుకుని లేవడం ఇక కుదరదని డాక్టర్ చెప్పేశాడు. మేమిద్దరమే వెళ్లాం. మార్లిస్ సరస్సు ఫోటో తీసి పంపితే, వెల్డా ఒక్క ముక్క జవాబు రాసింది. "నీళ్లు చల్లగా ఉన్నాయా?"

మార్లిస్ ఆ ఫోన్ నాకు చూపించింది. రెండు రోజుల ముందే టెంటు మడిచేసి ఇంటికి వచ్చేశాం.

అందుకని ఈ ఏడు ట్రైలర్ కొనాలనుకున్నాం. ట్రక్కు వెనక తగిలించే చక్రాల ఇల్లు, లోపల మంచం ఉన్నది. వెల్డాకి డెబ్బై ఒకటి నిండే రోజున, ఆమెకు తెలియకుండా తీసుకెళ్లి, ఆమె గుమ్మం ముందు ఆపాలని ప్లాన్.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి. వెల్డా ఉద్యోగం ఏమిటంటే, ఇరవై ఆరేళ్లు రాష్ట్ర సరిహద్దు కాటా దగ్గర లారీలు తూచింది. మోయాల్సిన దానికంటే ఎక్కువ మోస్తున్న లారీని మలుపు దగ్గరే గుర్తుపట్టేది. మా కుటుంబంలో బరువుల సంగతి తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. మరి ఆమెనే అడగొచ్చుగా అంటారా? సర్‌ప్రైజ్ కదండీ! సర్‌ప్రైజ్ ఎవరికో వాళ్లనే సలహా అడిగితే ఇంకేం మిగులుతుంది?

ట్రైలర్లు అమ్మే చోట రస్టన్ అనే కుర్రవాడు మమ్మల్ని చేరదీశాడు.

"మీ ట్రక్కు ఎంత లాగుతుంది సార్?"

"పదకొండు వేల మూడు వందలు."

"ఇంకేం! ఇది ఆరు వేల ఎనిమిది వందలే. వెనకాల ఒకటుందని మీ ట్రక్కుకి తెలియను కూడా తెలీదు."

పదకొండు వేలలోంచి ఆరు వేల ఎనిమిది వందలు తీసేస్తే ఎంత మిగులుతుందో నేను లెక్కపెట్టలేదు. చాలా మిగులుతుందని తెలిసిపోతూనే ఉందిగా. నంబరు చేసిన మేలు అంటే ఇదే!

ట్రైలర్ పొడవు ముప్పై రెండడుగులు. లోపల వెల్డాకి మంచం. మాకు మంచం. వంటగది మధ్యలో గట్టు. వాలుకుర్చీలు రెండు. టీవీలు రెండు, వాటిలో ఒకటి బయటి గోడకి. చెట్ల కింద కూర్చుని చెట్లను చూడాల్సిన అవస్థ లేకుండా అన్నమాట. గోడలో కరెంటుతో వెలిగే ఫైర్‌ప్లేస్. నెగడు వేసుకోవడానికి అడవికి వెళ్లేవాడికి ఇంట్లోనే ఇంకో నెగడు ఎందుకని మార్లిస్ అడిగింది. వానొస్తే, అన్నాను. ఆ మాట నాకే నచ్చింది.

ట్రైలర్ తెచ్చుకుని వారం పాటు సర్దాం. నీళ్ల ట్యాంకు నింపాం. గ్యాస్ సిలిండర్లు పెట్టాం. మార్లిస్ ఇనప మూకుళ్లు, జెనరేటరు, కుర్చీలు, గొడుగు, ఇంటి దగ్గర కొట్టిన కట్టెలు. అడవికి కట్టెలు మోసుకెళ్లడం ఏమిటని అడగకండి. మా కట్టెలు మావి.

పుట్టినరోజు పొద్దున వెల్డా ఇంటి ముందు ఆపి హారన్ కొట్టాను. ఆమె చేతికర్ర పట్టుకుని బయటికొచ్చింది. ట్రైలర్ వైపు చూడలేదు. ముందు, ట్రక్కు వెనక భాగం చక్రం మీదికి ఎంత కుంగిందో చూసింది. తర్వాత ముందుకొచ్చి, పైకి లేచిన హెడ్‌లైట్లు చూసింది.

"ఏమయ్యా ఓరిన్, లైట్లు రోడ్డుకి వేస్తున్నావా, పక్షులకి వేస్తున్నావా?"

"అక్కా, పుట్టినరోజు శుభాకాంక్షలు!" అంది మార్లిస్. "ఇది నీ కోసమే. లోపల మంచం ఉంది."

"ఉంటుందిలేవే. తలుపు తియ్యండి."

నేను ట్రైలర్ తలుపు తీశాను.

"అది కాదు మరిదీ. ట్రక్కుది."

డ్రైవర్ తలుపు తీస్తే పక్కన, తలుపు మూసినప్పుడు కనబడని చోట, అరచేతిలో సగం ఉండే పసుపు స్టిక్కరు ఒకటుంది. ఆ తలుపు ఆరేళ్లుగా రోజుకి నాలుగుసార్లు తీస్తున్నాను. స్టిక్కరు ఎన్నడూ చదవలేదు. టైర్ల గాలి గురించి అనుకున్నాను. గాలి గురించి కూడా ఉంది, కానీ పైన ఇంకో వాక్యం ఉంది. మనుషులు, సామాను కలిపి 1,480 పౌన్లు మించరాదు.

నేను కళ్లజోడు పెట్టుకుని చదివాను. పదకొండు వేల పక్కన అది నాకేమీ భయం పుట్టించలేదు.

"ఇది సామాను గురించి కదా వదినా. ట్రైలర్ వెనకాల తన చక్రాల మీద తనే వస్తుంది."

"దాని ముక్కెవరి మీద ఉంది?"

ముక్కు నా ట్రక్కు తోక మీద ఉంది. అంతదాకా నేను ఆలోచించలేదు.

"పద, కాటా దగ్గరికి," అంది వెల్డా. "నేను మీతో ఎక్కను. నా కారులో వస్తాను."

హైవే మీద లారీలు ఆగే చోట ఒక కాటా ఉంది. పది నిమిషాల దారి. వెల్డా మమ్మల్ని దాని మీద ఎక్కించి, దింపి, ట్రైలర్ విప్పించి, ట్రక్కుని మళ్లీ ఎక్కించింది. ఇరవై ఆరేళ్ల తర్వాత కాటా మీదికి సొంత మనుషులొచ్చారని ఆమెకు హుషారుగా ఉంది. చీటీలు చేతికి రాగానే వాటి వెనకే లెక్క రాసింది.

"ట్రైలర్ ఎనిమిది వేల వంద."

"ఆరు వేల ఎనిమిది వందలన్నాడే!"

"అది ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు బరువు. అప్పుడు దాంట్లో చెంబెడు నీళ్లు కూడా లేవు. ఇందులో ముక్కు బరువు వెయ్యిన్నీ యాభై. తగిలించే సామాను తొంభై. పధ్నాలుగు వందల ఎనభైలోంచి ఆ రెండూ తీసెయ్యి. మూడు వందల నలభై మిగిలాయి. నీ బరువెంత?"

"రెండు వందల పన్నెండు," అన్నాను.

వెల్డా పెన్ను ఆపి నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. తర్వాత రాసుకుంది.

"కుక్క?"

"యాభై ఎనిమిది."

"మిగిలింది డెబ్బై. మార్లిస్, నాలుగో తరగతి దాటాక నువ్వు డెబ్బై పౌన్లు ఎప్పుడైనా ఉన్నావా?"

"లేను."

"నేనూ లేను."

అంటే ఆ స్టిక్కరు ప్రకారం టిన్‌కప్ సరస్సుకి నేనూ కుక్కా వెళ్లొచ్చు! ముప్పై రెండడుగులు, రెండు మంచాలు, ఇద్దరు మగజీవులు.

"నేనెక్కడ కూర్చోవాలి?" అంది మార్లిస్, నా వైపు తిరిగి.

"ట్రైలర్లో మనుషులు కూర్చోకూడదు," అంది వెల్డా. "ఫైర్‌ప్లేస్ కూర్చోవచ్చు."

నేను ఓడిపోయే మనిషిని కాను. ట్యాంకులో నీళ్లు పారబోద్దాం అన్నాను. కట్టెలు దింపేద్దాం అన్నాను. జెనరేటరు వదిలేద్దాం అన్నాను. కుక్కని పక్కింట్లో వదిలేస్తే అనబోయి, మార్లిస్ మొహం చూసి ఊరుకున్నాను. అన్నీ దింపినా ఇంకొక్క మనిషికే చోటొచ్చింది. ఇద్దరికి రాలేదు. వెల్డా తన కారులో వస్తే సరిపోదా అంటారా? ఆమె కొత్త తుంటి నలభై నిమిషాలకి మించి స్టీరింగ్ వెనక కూర్చోనివ్వదు. టిన్‌కప్‌కి మూడు గంటలు, మధ్యలో కనుమ. కనుమ రోడ్డు మీద మార్లిస్ స్టీరింగ్ పట్టదు.

"వదినా, ఊళ్లో అందరూ ఇలాగే వెళ్తున్నారు," అన్నాను.

"తెలుసు. ఇరవై ఆరేళ్లు వాళ్లని ఆపింది నేనే. కనుమ దిగేటప్పుడు బ్రేకు పట్టకపోతే ఆ పదకొండు వేలు చదువుకుంటూ కూర్చుంటావా?"

తర్వాత ఆమె చీటీలు మడిచి చొక్కా జేబులో పెట్టుకుంది.

"మీరిద్దరూ వెళ్లండి. పోయినేడు అలవాటైంది నాకు. ఫోటో పంపండి చాలు."

మార్లిస్ కాటా పక్కనున్న సిమెంటు దిమ్మ మీద కూర్చుండిపోయింది. మేం మంచం కొన్నదే వెల్డా కోసం. ఇప్పుడు మంచం సరస్సుకి వెళ్తుంది. వెల్డా ఇంట్లో ఉంటుంది. దాంతో పాటు టీవీలు రెండు వెళ్తాయి. వాలుకుర్చీలు రెండు వెళ్తాయి.

"ఫోటో ఎవరు పంపుతారు?" అంది మార్లిస్. "నేను చస్తే పంపను. ఓరిన్, ట్రైలర్ తగిలించు. ఎక్కడ కొన్నామో అక్కడికే పోనీ. అక్కా, నీ పెన్ను తెచ్చుకో."

ఆ తర్వాత జరిగింది నేను నలభై ఏళ్లలో చూసిన ప్రెస్ మీట్లన్నిటికన్నా పొట్టిది. వెల్డా రస్టన్ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది.

"నీళ్లూ గ్యాసూ సామానూ వేశాక దీని బరువెంత?" అంది, మూలనున్న పిల్ల ట్రైలర్‌ని కర్రతో చూపిస్తూ.

"బ్రోచర్‌లో రెండు వేల..."

"బ్రోచర్ పక్కన పెట్టు నాయనా."

రస్టన్ లోపలికెళ్లి పావుగంట తర్వాత వచ్చాడు. "నిండుగా వేస్తే మూడు వేల వంద మేడమ్."

"ముక్కు మీద?"

మళ్లీ లోపలికెళ్లాడు. "మూడు వందల తొంభై. మేడమ్, ఇక్కడ చేరాక ఇవి నన్ను ఎవరూ అడగలేదు."

"నువ్వెవరికీ చెప్పలేదు కూడా."

వెల్డా చీటీ వెనక లెక్క వేసింది. ముగ్గురు మనుషులు, కుక్క, మూకుళ్లు, కట్టెలు కూడా పట్టాయి. నన్ను నా కట్టెలు ఉంచుకోనిచ్చింది. మార్చుకున్నాం.

కాబట్టి నా వాదన ఇప్పటికీ నిలబడే ఉంది. బ్రోచర్‌లో ఆ పెద్ద నంబరు లేకపోతే మేం మొదటే పిల్ల ట్రైలర్ కొనుక్కుని నోరు మూసుకుని వెళ్లేవాళ్లం. అక్కాచెల్లెళ్లు కలిసి ఇంకో మనిషిని వణికించే ఆనందం వాళ్లకి దక్కేదా? నాకు ఈ కాలమ్ దక్కేదా?

తయారు చేసేవాళ్లకి ఒక చిన్న సూచన మాత్రం చేస్తాను. పసుపు స్టిక్కరు మీది నంబరును బ్రోచర్ మొదటి పేజీలో అచ్చెయ్యండి. ఆ పదకొండు వేల మూడు వందల్ని తలుపు సందులో అంటించి తలుపు మూసెయ్యండి. హార్డ్‌వేర్ షాపు ముందు మేం ఏం మాట్లాడుకోవాలో మేం చూసుకుంటాం. ఆరోగ్యం గురించి అడగడం నేర్చుకుంటాం.

ఇది టిన్‌కప్ ఒడ్డున రాస్తున్నాను. నిన్న మధ్యాహ్నం చేరాం. వెల్డా కర్ర నా చేతికిచ్చి, మార్లిస్ భుజం పట్టుకుని నీళ్లలోకి దిగింది. మోకాళ్ల దాకా వెళ్లి నిలబడింది. తర్వాత కేకేసింది. అవతలి ఒడ్డున చేపలు పట్టేవాళ్లు తలలు తిప్పి చూశారు.

చల్లగానే ఉన్నాయట.

ఒక సంగతి మరిచాను. కాటా దగ్గర కుక్క బరువు కూడా అడిగిన వెల్డా, రస్టన్‌ని రెండే ప్రశ్నలడిగింది. ఇందులో ఎంతమంది పడుకోవచ్చు అన్నది అడగలేదు. ఇద్దరు పడుకోవచ్చు. అక్క ఒక మంచం మీద, చెల్లెలు ఒక మంచం మీద, మధ్యలో కుక్క. నేను పాత టెంటులో, నేల మీద.

నా వయసు అరవై ఆరు. పొద్దున లేవబోతే నడుము లేవలేదు. కేకేశాను. ఇద్దరూ కాఫీ కప్పులు పట్టుకుని వచ్చి టెంటులోకి తొంగిచూశారు. చేతులు చాచాను, లాగమని.

వెల్డా కప్పు కింద పెట్టలేదు.

"మార్లిస్, మీ ఆయన బరువెంతే?"

"రెండు వందల పన్నెండు."

"అది బ్రోచర్‌లో బరువు. కాటా మీద ఎంత?"