బర్రెల కొట్టంలో కౌంటర్

1978 జూన్‌లో ఒక సోమవారం పొద్దున్నే పాతబస్తీలో యాకుత్‌పురా వైపున్న ఒక వార్డు ఆఫీసును కడిగి ముగ్గు పెట్టారు. దేశదేశాల పరిపాలన చూసి నివేదిక రాసే విదేశీ బృందం పదకొండింటికి వస్తోంది. పెండింగ్ సున్నా అని చూపించాలి కదా! వార్డు ఆఫీసర్ రామలింగయ్య మూడేళ్లుగా మూలుగుతున్న జనన సర్టిఫికెట్లన్నిటి మీదా రెండు రోజుల్లో సంతకాలు గీకేశాడు. పంచే తీరిక మాత్రం దొరకలేదు.

"భిక్షపతీ! ఈ మూటలు దొరల కంట పడొద్దు, ఏడనన్న దాచు. ఇయ్యాల జనాన్ని గడప తొక్కనియ్యకు. గడబిడైతే నీ పర్మనెంటు ఫైలు చింపేస్త!"

భిక్షపతి పదకొండేళ్లుగా టెంపరరీ అటెండరు; ఆ ఫైలు మీదే అతని ఆశంతా. మూటలు నెత్తికెత్తుకుని ఎదురుగా ఉన్న బీరయ్య బర్రెల కొట్టంలో గడ్డి కింద దాచాడు. పాల కోసం వచ్చిన మాణిక్యమ్మ చూడనే చూసింది.

"ఆ మూటలల్ల నా మనుమని సర్టిఫికెట్ ఉన్నదా కొడుకా? బడిల పేరు రాస్తలేరు!"

"మెల్లగ పెద్దమ్మా! ఇస్త గని ఎవ్వలకు చెప్పకు."

ఎవరికీ చెప్పొద్దన్న మాట పాతబస్తీలో టెలిగ్రాము కంటే ముందు చేరుతుంది. పావుగంటలో కొట్టం ముందు వందమంది. "భాయ్, మేరా భీ దేఖో!" అని ఒకరు, "అన్నా, జర నాది!" అని ఇంకొకరు. ఇచ్చి పంపితే తప్ప లొల్లి ఆగేలా లేదు. ఏ కాగితం ఏ మూటలో ఉందో ఆఫీసరుకు తెలియదు గానీ భిక్షపతికి కంఠతా వచ్చు; పేరు వినగానే తీసి ఇవ్వసాగాడు.

"లైన్ల నిలబడుండ్రి! బర్రె బెదిరితే పొడుస్తది!" అని బీరయ్య కేక వేశాడు. పోలీసులకు లొంగని జనం బర్రెకు లొంగి బారులు తీరారు.

అప్పుడే జీపు దిగింది బృందం. ఆఫీసు ఖాళీ, కొట్టం కిటకిట. రామలింగయ్య దొరలను ఆఫీసు వైపు తిప్పబోయాడు. బృంద నాయకురాలు నేరుగా కొట్టంలోకి నడిచి, ఎంతసేపు పట్టిందని మాణిక్యమ్మను అడగమంది. తప్పక రామలింగయ్యే తెలుగులో అడిగాడు.

"మూడేండ్లు ఆ ఆఫీసు సుట్టు తిరిగిన సారూ. ఈడ మూడు నిమిషాలల్ల చేతిల వెట్టిండు!"

రామలింగయ్య రెండో వాక్యాన్ని మాత్రమే ఇంగ్లీషులో చెప్పాడు.

ఆవిడ పొంగిపోయింది. జనం దగ్గరికే కౌంటర్ తేవాలని తమ దేశంలో నాలుగు కమిటీలు వేసినా పని కాలేదట! ఇంతకీ ఈ ఉద్యోగి హోదా ఏమిటంటూ కలం తీసింది. టెంపరరీ అంటే దేశం పరువు పోదూ?

"పర్మనెంట్, మేడమ్!" అనేశాడు రామలింగయ్య. ఆవిడ రాసేసుకుంది.

ఆవిడ నివేదిక పైఆఫీసుకూ వెళ్తుంది. రాసింది అబద్ధమని తేలితే రామలింగయ్య ఉద్యోగానికే ఎసరు. సాయంత్రం ఐదులోపే పర్మనెంటు ఆర్డరు మీద సంతకం పడింది. భిక్షపతి దాన్ని రెండు కళ్లకూ అద్దుకుని, పదకొండేళ్లలో మొదటిసారి ఆఫీసరు ఎదుట కుర్చీ లాక్కుని దర్జాగా కూర్చున్నాడు.

నెల తిరక్కుండానే నగరంలోని వార్డు ఆఫీసులన్నిటికీ సర్క్యులర్ అందింది: కార్యాలయమునకు వంద గజముల లోపల తగిన బర్రెల కొట్టమును గుర్తించి వెంటనే నివేదిక పంపవలెను.