సగం విన్న ప్రథమ చికిత్స

ఆళ్లగడ్డ బజారులో గాజుల అంగడి నడిపే సీతారాం శెట్టికి ఇద్దరు దేవుళ్ళు. ఒకరు పటంలో ఉంటారు. రెండో దేవుడు మధ్యాహ్నం నిద్ర. మొదటి దేవుడికి ఏ పూటైనా దీపం తప్పవచ్చు గానీ, రెండో దేవుడికి ఏనాడూ పూజ తప్పలేదు.

ఆ పూజ సాగాలంటే భార్య వాసవి గల్లాపెట్టె దగ్గర కూర్చోవాలి. గాజులు కొనే ఆడవాళ్ళను సంభాళించడం సీతారాం వల్ల కాదు. వాళ్ళు చీరకొంగు చూపించి "ఈ రంగుది ఇయ్యప్పా" అంటారు. సీతారాం కంటికి ఎరుపు ఒకటే. వాసవి కంటికి డజను.

అలాంటి వాసవి నంద్యాలలో ప్రథమ చికిత్స నేర్చుకోవడానికి చేరింది. ఆదివారం ఆదివారం బస్సెక్కి పోయి వచ్చేది. ఆదివారం అంగడికి సెలవు కాబట్టి సీతారాం పట్టించుకోలేదు. చివరి వారంలో అసలు సంగతి బయటపడింది. వచ్చే ఆదివారం పరీక్ష. పాసైనవాళ్ళు తమ ఊళ్ళో ఆడవాళ్ళకు నేర్పించాలి. బుధవారం, శనివారం. మధ్యాహ్నం పూట.

మధ్యాహ్నం అనే మాట వినగానే సీతారాం నోట్లో ముద్ద అక్కడే ఆగిపోయింది.

"ఏమ్మే, ఊర్లో డాక్టర్లు లేరా, నువ్వు కట్లు కట్టకపోతే?"

"డాక్టరు వచ్చేలోపల ఏం చేయాల్నో అది నేర్పిస్తాండారు. డాక్టరు వచ్చినాక నన్నెవరు పిలుస్తారు?"

"మన అంగట్లో ఎవరికన్నా గాజు గుచ్చుకుంటే పసుపు అద్దుతాండాం గదా. అది చాలదా?"

"అద్దుతాండాం. అందుకే నేర్చుకుంటాండా."

సీతారాం ఇంకో ముద్ద కలిపాడు కానీ ఎత్తలేదు.

"పోయిన ఉగాదికి అంగట్లో ఒక పాపకు ఫిట్స్ వచ్చినాయి, మతికుందా?" అని అడిగింది వాసవి.

"ఎందుకు లేదు. అందరూ తలా ఒక బీగాల గుత్తి ఆ పాప చేతిలో పెట్టినారు. నా గుత్తి ఎవరితోనో పోయి బీరువా పగలగొట్టించాల్సి వచ్చె."

"నీకు బీరువా మతికుంది. నాకు ఆ పాప మొగం మతికుంది. ఏం చేయాల్నో తెలీక ఉత్త చేతుల్తో నిలబడిపోయినా. ఇంకోసారి అట్ల నిలబడను. ఈ పరీక్ష తప్పితే మళ్ళీ వచ్చే ఏడే."

మాటతో గెలవలేని మొగుడు ఉపాయం వెతుక్కుంటాడు.

ఉపాయం దూరంగా లేదు, వంటింట్లోనే ఉంది. వాసవి పొద్దున దోసెలు పోస్తూ పాఠాలు పైకి వల్లె వేసేది. దెబ్బ తగిలితే కనిపించే గుర్తులు ముందు, చేయవలసిన చికిత్స తర్వాత. గుర్తులన్నీ అయిపోయేసరికి సీతారాంకు దోసెలు అయిపోయేవి. చెయ్యి కడుక్కుని అంగడికి వెళ్ళిపోయేవాడు. అందువల్ల ఏ జబ్బు ఎలా ఉంటుందో ఆయనకు వచ్చు. దానికి ఏం చేస్తారో అస్సలు రాదు.

పరీక్ష రోజు పొద్దున మెట్ల దగ్గర ఒక కేక వినిపించింది. వాసవి పరిగెత్తుకు వచ్చింది. సీతారాం నేలమీద కూర్చుని కుడి చీలమండ పట్టుకుని ఉన్నాడు.

"బెణికింది. కాలు మోపలేకపోతాండా. నువ్వు యాడికీ పోవద్దు."

ఆయన ఎంచుకున్న జబ్బు ఇది. చేయడం తేలిక. ముఖం చిట్లిస్తే చాలు.

కేక విని పక్కింటి కమలాక్షమ్మ వచ్చేసింది. వీధిలో ఆమెను థర్మామీటర్ కమలాక్షమ్మ అంటారు. కాలు బెణికిందని చెప్పినా ముందు నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తుంది.

"జొరం లేదు. ఆముదం రాసి గట్టిగా రుద్దుదాం. ఇటుక కాల్చుకొస్తా, కాపడం పెడదాం."

"వద్దక్కా. బెణికిన కాలు రుద్దగూడదు, వేడి పెట్టగూడదు" అంది వాసవి.

అమ్మయ్య అనుకున్నాడు సీతారాం. అంతలోనే వాసవి ఫ్రిజ్ తెరిచి ఐసు ముక్కలు గుడ్డలో మూట కట్టుకుని వచ్చింది. అది కాలిమీద పడగానే ఆయన ఈసారి నిజంగానే కేక పెట్టాడు.

ఆ తర్వాత సాగే పట్టీ చుట్టింది. కాలి వేళ్ళు నొక్కి చూసి "స్పర్శ ఉందా?" అంది. ఆయనను పడుకోబెట్టి తలకింద ఒక దిండు పెట్టి, కాలి కింద దిండ్లు పేర్చింది. కాలు గుండె కన్నా ఎత్తులో ఉండాలట. సీతారాంకు కాలు తప్ప ఇంకేమీ కనిపించకుండా పోయింది.

సరిపోలేదని తోచి ఇంకో పాఠంలోంచి ఒక గుర్తు అరువు తెచ్చుకున్నాడు. "కండ్లు తిరుగుతాండాయి" అన్నాడు. వాసవి తలకింది దిండు తీసేసి, దాన్ని కూడా కాళ్ళ కిందే పెట్టింది.

"ఇప్పుడు నంద్యాలకు ఎట్ల పోతావు? నన్నిట్ల ఇడిసిపెట్టి?"

"ఇడిసిపెట్టను. పేషెంటుగా ఒక మనిషిని వెంట తెచ్చుకోమని మేడం చెప్పింది. కమలాక్షమ్మను అడుగుదామనుకుంటి. నువ్వే తయారుగా ఉండావు."

కమలాక్షమ్మ మేనల్లుడు ఆంజనేయులు ఆ పూట ట్రాలీ ఆటోలో నంద్యాలకు బియ్యం వేసుకుపోతున్నాడు. సీతారాంను బస్తాల నడుమ పడుకోబెట్టి, కాలు ఒక బస్తా మీదికి ఎత్తి పెట్టారు. సిరివెళ్ల దగ్గర ఆటో ఆగితే టీకొట్టు ముందున్నవాళ్ళంతా వచ్చి చూశారు. ఒకాయన అయితే టోపీ తీశాడు. సీతారాం చెయ్యి ఊపేసరికి ఆయన బెదిరి వెనక్కి తగ్గాడు.

నంద్యాలలో హాలు నిండా పడుకున్న మనుషులే. అందరి బట్టలకూ కాగితాలు గుచ్చి ఉన్నాయి. 'కాలిన గాయం' అనే కాగితమున్నవాడు ఫోన్ చూసుకుంటున్నాడు. 'ఎముక విరిగింది' మిక్చరు తింటోంది. 'పాము కాటు' గుర్రు పెడుతున్నాడు. ఆ గుర్రు వింటే సీతారాంకు కడుపు మండింది.

శిక్షణ ఇచ్చే నర్సు సలోమి మేడం వచ్చింది. "నీ కాగితం ఏదప్పా?"

"నాకు కాగితం లేదు మేడం. నాది నిజం."

"శభాష్. ఇంత బాగా ఎవరూ చేయలేదు."

"చేయడం కాదు మేడం, నిజంగానే నొప్పి."

"చూడండమ్మా, పేషెంటంటే ఇట్లుండాల" అని అందరికీ చూపించింది సలోమి.

సీతారాంకు తల తిరిగింది. దెబ్బ తగలని వాళ్ళంతా తగలలేదని తెలిసే పడుకున్నారు. తనకూ తగలలేదు, కానీ తగిలిందని నమ్మించాలి. నమ్మించే కొద్దీ నటన అంటున్నారు. అది నటనే. అయితే వీళ్ళనుకునే నటన కాదు. ఇంతకీ తను అబద్ధం చెబుతున్నాడా, నిజం చెబుతున్నాడా అన్నది ఆయనకే తెలియకుండా పోయింది.

సొంత మనిషికి చికిత్స చేయకూడదని నియమం. అందుకని ఆత్మకూరు వైపు అడవి గూడెం నుంచి వచ్చిన నరసింహమ్మ సీతారాం దగ్గరికి వచ్చింది. ఆమె ఒక్కో చెయ్యి రోకలంత ఉంది. అవతలి వరసలో వాసవి 'కాలిన గాయం' ముందు కూర్చుని నీళ్ళ చెంబు అందుకుంది. మేడం పక్కనే నిలబడి చూస్తోంది. వాసవి పాసవుతుందని ఆమె ముఖం చూస్తేనే తెలుస్తోంది.

సీతారాంకు బుధవారం కనిపించింది. దాని వెనకాలే శనివారం కనిపించింది. ఇంక ఆగలేక చేతిలో ఉన్న ఆఖరి గుర్తు వాడేశాడు.

"గుండెలో నొప్పి. ఎడమ చెయ్యి లాగుతాంది."

నరసింహమ్మ రెండు చేతులూ ఒకదానిమీద ఒకటి వేసి ఆయన రొమ్ము మీదికి వంగింది.

"ఆగు" అంది వాసవి. అప్పటికే అక్కడికి వచ్చేసింది. "మాట్లాడే మనిషి గుండె మీద నొక్కగూడదు నరసింహమ్మా. లూదియా, నువ్వు 108కు ఫోన్ చెయ్. మీరంతా గాలి రానీండి."

తనతో పాటు నేర్చుకునే లూదియా ఫోన్ కలిపేలోపే వాసవి ఆయనను లేపి గోడకు ఆనించి కూర్చోబెట్టింది. చొక్కా గుండీలు విప్పింది. "నొప్పి యాడుంది? ఎప్పటినుంచి? చెమట పడతాందా?" గొంతు నిదానంగానే ఉంది. కానీ ఆయన మణికట్టు పట్టుకున్న ఆ చేతి గాజులు సన్నగా మోగుతున్నాయి.

సీతారాం ఆ గాజులు చూశాడు. ఇన్నేళ్ళలో కదలని చేతికి ఆ గాజులు అలా మోగడం ఆయన ఎన్నడూ వినలేదు.

"లేదు" అన్నాడు మెల్లగా.

"ఏం లేదు?"

"నొప్పి లేదు. కాలు కూడా బాగానే ఉంది."

హాల్లో అందరూ ఇటు తిరిగారు. 'పాము కాటు'కు మెలకువ వచ్చింది. లూదియా మళ్ళీ ఫోన్ చేసి బండి వద్దని చెప్పింది.

"కాలు అబద్ధమని పొద్దున్నే తెలుసు" అంది వాసవి. "వాపు లేకుండా బెణుకుతాదా యాడన్నా? పేషెంటు దొరికినాడులే అని ఊరకుంటి. గుండె సంగతి మాత్రం..." అని ఆగి, మణికట్టు వదిలి, కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇంగ గుండెతో ఆడొద్దు. ఆడితే నిజంగా నొప్పి పుట్టిస్తా."

సలోమి మేడం నవ్వలేదు. "ఆ బండి కోసం నిజంగా ప్రాణం మీదికొచ్చినోళ్ళు కాచుకోనుంటారు, తెలుసా?" అని నలుగురిలో కడిగేసింది. తర్వాత అందరి వైపు తిరిగి, "వాసవి చేసినట్టు చేయాల. నేను ఇంగ అడిగేదేమీ లేదు, పాస్" అంది.

"మరి ఆయన సంగతి?" అంది నరసింహమ్మ, చేతులు ఇంకా దించకుండా.

మేడం సీతారాంను పైనుంచి కిందికి చూసింది. "ఇంత బాగా చేసే పేషెంటును వదులుకుంటామా?"

ఇప్పుడు బుధవారం, శనివారం మధ్యాహ్నాలు గాజుల అంగడికి తాళం. లోపల గదిలో చాప మీద సీతారాం వెల్లకిలా పడుకుని ఉంటాడు. పడుకునేది ఆయన ఎప్పుడూ పడుకునే వేళకే. పైన ఫ్యాను తిరుగుతుంటుంది. నెమ్మదిగా రెప్పలు మూతపడతాయి. ఏ రోజైనా మొదటి పాఠం స్పృహ ఉందో లేదో చూడటమే. ఆళ్లగడ్డ ఆడవాళ్ళు వరసలో నిలబడి ఒకరి తర్వాత ఒకరు వచ్చి, రెండు భుజాలూ గట్టిగా తట్టి, చెవి దగ్గర అడుగుతారు.

"ఏమప్పా, ఇనపడతాందా?"

"ఇనపడతాంది తల్లీ" అంటాడు సీతారాం.

"మెలకువగానే ఉండాడక్కా" అని ఆమె వాసవికి చెప్పి పక్కకు జరుగుతుంది. తర్వాతి ఆమె వచ్చి కూర్చుంటుంది.