తిరిగి వచ్చు తేదీ

శేరిలింగంపల్లి ప్రాంతీయ మ్యూజియాన్ని ప్రపంచ స్థాయికి తీసుకువెళ్తున్నట్టు మంత్రివర్యులు రామ్మోహనరావు గారు మంగళవారం ప్రకటించారు. ప్రపంచ స్థాయికి చేరడానికి పదిహేను రోజుల గడువు ఇచ్చారు. పదహారో రోజు ఆయన పుట్టినరోజు కావడానికీ దీనికీ సంబంధం లేదని ఆయన కార్యాలయం, ఎవరూ అడగకముందే, స్పష్టం చేసింది.

ఈ వార్తను కమలమ్మ మ్యూజియం మెట్ల మీద కూర్చుని రెండుసార్లు చదివింది. రెండు గదులూ ఒక వరండా ఉన్న ఆ మ్యూజియంలో ఇరవై ఆరేళ్లుగా తలుపులు తీసేదీ, దుమ్ము దులిపేదీ, సాయంత్రం తాళం వేసేదీ ఆమే. తాళం వేసే ముందు ప్రతి వస్తువునూ ఒకసారి చేత్తో తాకుతుంది. అది రూలు కాదు, భయం. ఇక్కడి నుంచి తీసుకువెళ్లినదేదీ తిరిగి రావడం ఆమె చూడలేదు.

అందుకు గేట్ పాస్ పుస్తకమే సాక్షి. వస్తువు గేటు దాటాలంటే అందులో నాలుగు గడులు నింపాలి. వస్తువు పేరు, తీసుకువెళ్లువారు, కారణం, తిరిగి వచ్చు తేదీ. పల్లకి ఒక నాయకుడి కూతురి పెళ్లి ఫొటోలకు వెళ్లింది. ఇత్తడి గంగాళం ఒక ఐటీ కంపెనీ లాబీలో పూలరేకులు తేల్చడానికి వెళ్లింది. నాగలి రైతు సదస్సుకు వెళ్లింది, అక్కడ దాన్ని చూసి నాయకులు ఎంతో ముచ్చటపడ్డారని పేపర్లో కూడా వచ్చింది. అన్నిటికీ నాలుగో గడి ఖాళీ. వెళ్లిన ప్రతిసారీ కమలమ్మ గేటు దాకా నడిచి, బండి చందానగర్ రోడ్డు మలుపు తిరిగేదాకా నిలబడి వచ్చేది.

మిగిలినవాటిలో చెప్పుకోదగ్గది సూరమ్మకుంట శాసనం ఒక్కటే. ఏడు వందల ఏళ్ల నాటి నిలువెత్తు రాయి. సూరమ్మ అనే ఆవిడ తవ్వించిన ఆ కుంట కట్ట కిందే కమలమ్మ పుట్టిన ఇల్లు ఉండేది. ఇల్లు పోయింది, కుంట పూడిపోయింది, రాయి ఇక్కడికి చేరింది. రాయి వెనకాలే ఉద్యోగం వెతుక్కుంటూ కమలమ్మా చేరింది. ఎప్పుడో యూనివర్సిటీ నుంచి వచ్చిన ఒక పెద్దాయన అక్షరం అక్షరం వేలు పెట్టి చూపిస్తే, ఏడో తరగతితో బడి మానేసిన కమలమ్మ ఆ రాతను పేపరు చదివినంత సులువుగా చదవడం నేర్చుకుంది. ఏం రాసి ఉందని ఆమెను ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

మూడో రోజు ఇన్‌ఛార్జి అధికారి వెంకటరమణ గారు విచ్చేశారు. పార్కులు, వీధికుక్కలు, మ్యూజియం అనే మూడు బాధ్యతలను ఒకే భుజం మీద మోస్తున్న మనిషి ఆయన. వెంట వర్షిత అనే కన్సల్టెంట్ వచ్చింది. హైటెక్ సిటీలో వాళ్ల కంపెనీ దేన్నయినా ప్రపంచ స్థాయికి చేరుస్తుంది.

"ఆంటీ, ఇక్కడ డైలీ ఫుట్‌ఫాల్ ఎంత?"

"అంటే ఏందమ్మా?"

"రోజుకి ఎంతమంది వస్తారు?"

"ఎండాకాలమైతే ముప్పై మంది దాకా."

ఆ ముప్పై మందీ ఫుడ్ డెలివరీ వాళ్లు. రిజిస్టర్లో సంతకం పెట్టి, తర్వాతి ఆర్డరు వచ్చేదాకా ఫ్యాన్ కింద కూర్చుంటారు. 'మీ అభిప్రాయం' అన్న చోట "గాలి మంచిగొస్తుంది" అని రాస్తారు. వర్షిత పేజీలు తిప్పి, సందర్శకుల్లో తొంభై ఎనిమిది శాతం యువతేనని లాప్‌టాప్‌లో రాసుకుంది. వీధికుక్కల శాఖలో ఇటువంటి శుభవార్త ఎరుగని వెంకటరమణ గారికి కళ్లు చెమర్చాయి.

వెంటనే అసలు కష్టం గుర్తొచ్చింది. శిలాఫలకం. గ్రానైట్ షాపువాడు కొత్త రాయి రావడానికే ఇరవై రోజులు పడుతుందన్నాడు. ఫలకం లేకుండా ప్రారంభోత్సవం జరిగిన దాఖలా ఆయన సర్వీసులో లేదు.

"రాయి ఇక్కడే ఉంది కద సర్," అంది వర్షిత శాసనాన్ని చూపిస్తూ. "కింద మూడో వంతు ఖాళీ. మంచి వైట్ స్పేస్. అక్కడ మంత్రిగారి పేరు చెక్కిస్తే హెరిటేజ్‌కి కంటిన్యుటీ వస్తుంది."

వెంకటరమణ గారు రాయి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. "ఎంత ముందుచూపండీ. ఏడు వందల ఏళ్ల కిందటే మన సార్ కోసం జాగా వదిలిపెట్టారు."

"సారూ, గా రాయి మీద చెక్కుడేంది?" కమలమ్మ చీపురు పక్కన పెట్టింది. "దాని మీద ఏం రాసున్నదో ఎరికేనా మీకు?"

"శాసనాలన్నీ ఒకటేనమ్మా. రాజులూ, దానాలూ, నాలుగు మంచి మాటలూ."

"ఆఖరుకు శాపం ఉన్నది సారూ."

"ప్రపంచ స్థాయికి వెళ్తున్నప్పుడు నెగెటివ్‌గా మాట్లాడకూడదు కమలమ్మా."

వర్షిత మాత్రం సంతోషించింది. "మీకు ఇది చదవడం వచ్చా ఆంటీ? మా యాప్‌కి కంటెంట్ కావాలి. రాయికి ఫోన్ చూపిస్తే పైనుంచి కింది దాకా మామూలు తెలుగులో చదివేస్తుంది. మీరు రాసిచ్చేయండి చాలు."

కమలమ్మ రాసిచ్చింది. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట దాచలేదు.

మర్నాడు రాయిని మియాపూర్లో చెక్కే మెషీన్ దగ్గరికి తీసుకుపోవడానికి క్రేన్ వచ్చింది. కమలమ్మ గేటుకు తాళం వేసి, గేట్ పాస్ పుస్తకం పట్టుకుని అడ్డంగా నిలబడింది.

"తిరిగొచ్చే తేదీ రాయుండ్రి సారూ."

"ముందు ఎక్కించనీ, తర్వాత రాద్దాం."

"రాస్తేనే తాళం తీస్త. పల్లకప్పుడు గూడ గిట్లనే అన్నరు."

"ఏంటమ్మా నీ పరేషాన్. తేదీ నువ్వే వేసుకో, నేను సంతకం పెడతాను."

కమలమ్మ 'గురువారం' అని రాసింది. వెంకటరమణ గారు ఫోన్లో కుక్కల గురించి మాట్లాడుతూనే సంతకం చేసి, పక్కన 'పరిశీలించడమైనది' అని స్టాంపు వేశారు.

గురువారం రాయి తిరిగి వచ్చింది. ఆ మ్యూజియం చరిత్రలో తిరిగి వచ్చిన మొదటి వస్తువు అదే. కింద మూడో వంతులో కొత్త అక్షరాలు బంగారు రంగులో మెరుస్తున్నాయి. కమలమ్మ రాయిని పైనుంచి కిందికి తడిమి, ఆ పూట అన్నం తృప్తిగా తిన్నది.

పదహారో రోజు మంత్రిగారు రిబ్బన్ కత్తిరించారు. వర్షిత రాయి ముందు ఫోన్ పట్టుకుంది. మైకులోంచి తియ్యటి ఆడగొంతు వినిపించింది.

"సూరమ్మ తన తల్లి పుణ్యమునకు ఈ కుంట తవ్వించెను. ఊరి పశువులూ ఎగిరే పిట్టలూ ఈ నీరు తాగవలెను. ఈ కుంటను పూడ్చినవాడు అరవై వేల ఏండ్లు పెంటలో పురుగై పుట్టును గౌరవనీయులు మంత్రివర్యులు శ్రీ రామ్మోహనరావు గారు."

యాప్‌కు రాయి పాత భాగమేదో కొత్త భాగమేదో తెలియదు. పేరు వినపడగానే కార్యకర్తలు రెండు నిమిషాలు చప్పట్లు కొట్టారు.

"ఇంకోసారి పెట్టమ్మా," అన్నారు మంత్రిగారు.

రెండోసారి చప్పట్లు ఇంకా పెద్దగా మోగాయి. మంత్రిగారు వెంకటరమణ గారి వైపు వంగారు. "పురుగేంటయ్యా?"

వెంకటరమణ గారి చొక్కా తడిసింది. "ఆ రోజుల్లో అది బిరుదండీ. పట్టుపురుగు జాతి."

"అరవై వేల ఏళ్లా?"

"కంటిన్యుటీ సర్," అంది వర్షిత.

మంత్రిగారు కండువాతో కళ్లు ఒత్తుకున్నారు. "మా పార్టీలో నాకు రెండేళ్లకి మించి ఎవరూ హామీ ఇవ్వలేదమ్మా." ఆ ఊపులోనే మైకు అందుకుని, ఇంతటి మహత్తర శిలను రెండు గదుల్లో బంధించడం అన్యాయమనీ, తన బావమరిది కడుతున్న సూరమ్మ లేక్ వ్యూ టవర్స్ ముఖద్వారం దగ్గర నిలబెడతామనీ ప్రకటించారు.

"అక్కడ లేక్ ఎక్కడుంది సార్?" అని ఒక విలేకరి అడిగాడు.

"లేక్ మీదే కడుతున్నాం. అంతకంటే దగ్గరగా వ్యూ ఎవరిస్తారు?"

సాయంత్రానికే క్రేన్ వచ్చింది. కమలమ్మ గేట్ పాస్ పుస్తకం పట్టుకుని ఎదురొచ్చింది. "సారూ, అది గూడ పోతే నేను రేపు పొద్దుగాల తలుపు తీసి ఎవల మొకం చూడాలె?"

"టెంపరరీనే కమలమ్మా. ఫికర్ వద్దంటారు కదా మీవాళ్లు. తేదీ నువ్వే వేసుకో."

ఆమె రాయిని చివరిసారి తడిమింది. కింద బంగారు రంగు వేలికి అంటుకుంది. కొంగుకు తుడుచుకుని, పుస్తకం తెరిచి నింపసాగింది. వస్తువు: సూరమ్మకుంట శాసనం. తీసుకువెళ్లువారు: మంత్రిగారి మనుషులు. కారణం: సొంత ఊరు. నాలుగో గడి దగ్గర కాసేపు ఆగింది. తేదీ రాస్తే వస్తువు వస్తుందని ఆమెకు ఇప్పుడు తెలుసు. అక్షరాలు గుండ్రంగా పడేలా నింపాదిగా రాసింది.

తిరిగి వచ్చు తేదీ: అరవై వేల ఏండ్లు నిండిన మరునాడు.

వెంకటరమణ గారు ఫోన్లో మాట్లాడుతూనే సంతకం చేసి, పక్కన 'పరిశీలించడమైనది' అని స్టాంపు వేశారు.