పండుగప్ప కడుపులో కాపురం

ఆ పొద్దున అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. మామగారితో కలిసి కాఫీ తాగాలి, నవ్వుతూ నాలుగు మాటలాడాలి, ఫ్రిజ్‌లో ఉన్న పండుగప్ప చేపను పట్టుకుని ప్రయోగశాలకు పోవాలి. ఇందులో చెడగొట్టడానికి ఏముంది అంటారా? మీకు ఈ అల్లుడి సంగతి తెలియదు.

అతనిది విచిత్రమైన ఉద్యోగం. సముద్రంలో తిరిగే చేపల పేగుల్లో ఏ బ్యాక్టీరియా కాపురముంటుందో, చెరువుల్లో పెంచే చేపల్లో ఏది ఉంటుందో పోల్చి చూడడం. మామగారేమో ఆసుపత్రిలో ఆపరేషన్ గదుల శుభ్రత చూసి రిటైరైన మనిషి. ఆయన జన్మంతా క్రిముల్ని చంపి పింఛను పుచ్చుకుంటుంటే, ఇతను వాటిని సాకి జీతం తీసుకుంటున్నాడు. ఇలాంటివాడికి పిల్లనివ్వనని అప్పట్లో ఆయన భీష్మించుకు కూర్చున్నారు. పిల్ల వినలేదు. పెళ్లయ్యాక ఆయన ఈ గడప తొక్కలేదు. కూతురు బతిమాలగా బతిమాలగా నిన్ననే, వారం ఉందామని వచ్చారు.

"ఈ వారం సవ్యంగా గడిస్తే చాలు, నాన్న మళ్లీ మన మనిషైపోతారు. నోరు కాస్త అదుపులో పెట్టుకో" అని భార్య స్నానానికి వెళ్లింది.

"నేనేమన్నా పులినా?" అన్నాడు అల్లుడు, గడ్డం గీసుకుంటూ.

సగం గడ్డంతో వంటింట్లోకి తొంగిచూశాడు. పీట మీద పండుగప్ప! పొలుసు తీసి, కడుపు చీల్చి, ఉప్పు రాసి కడిగి పెట్టి ఉంది. పక్కనే మామగారు మోచేతుల దాకా సబ్బు తోముకుంటున్నారు.

"రా బాబూ! మధ్యాహ్నం నా చేతి వంట తిందువుగాని. లోపల ఒక్క పేగు ముక్క లేకుండా కడిగేశా."

అల్లుడు ఫ్రిజ్ తెరిచాడు. చేప పెట్టె లేదు. ఏటా సముద్రంలో చేపల వేట నిలిపేసే ముందు చివరి పడవలో వచ్చిన చేప అది. మళ్లీ కావాలంటే నెలల తరబడి కాచుకోవాలి.

"పేగులేవీ?"

"చెత్తబండిలో వేసేశా. అది కాదు బాబూ, నీ చేప..."

"నా చేపేనని తెలిసి కూడా కోశారా!"

"ఒక్క మాట విను..."

"మీరేం చెప్పక్కర్లేదు! కనబడ్డదల్లా కడిగెయ్యడం తప్ప మీకింకేం వచ్చు? అసలు మీరు రాకపోయినా బాగుండేది!"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అనేశాడు. మామగారు కొళాయి కట్టేసి, తడి చేతులతో అలాగే నిలబడిపోయారు. అల్లుడు మాత్రం బనీనుతో వీధిలోకి పరుగెత్తాడు.

బండి వీధి మలుపులో దొరికింది.

"ఏం పారేసుకున్నావు బాబూ, బంగారమా?" అంది బండి తోసే ఆవిడ.

"పేగులమ్మా!"

"ఎవరివి?"

"మా మామగారు కోసేశారు!"

ఆవిడ బండి వదిలేసి వెనక్కి జరిగింది. క్షణంలో జనం మూగారు. ఎవరో పోలీసులకు ఫోన్ కలుపుతున్నారు. అల్లుడు బండంతా కెలికి, పేగులున్న కవరు పట్టుకుని, ఓపిగ్గా విడమరచి చెప్పే తీరిక లేక విప్పి చూపించాడు. జనం ముక్కులు మూసుకుని ఎవరిళ్లకు వాళ్లు పోయారు. ఆటో ఎక్కితే, కంపు భరించలేక డ్రైవరు సగం దారిలో దింపేశాడు. మిగతా దారంతా నడక. ఫోన్ చూద్దామంటే అది ఇంట్లోనే ఉండిపోయింది.

ప్రయోగశాల నడిపే మేడమ్ అతని సగం గడ్డాన్ని ఓసారి చూసి, ఏమీ అడగకుండా పేగు విప్పింది.

"ఇదేంటి, నిండా దాణా గుళికలు? ఇది చెరువులో పెరిగిన చేప. సముద్రం మొహం కూడా చూసి ఉండదు."

"కాదు మేడమ్! నిన్న పడవ దగ్గర నేనే స్వయంగా..."

"అయితే ఇది ఆ చేప కాదు."

అల్లుడు స్టూలు మీద కూలబడ్డాడు. 'అది కాదు బాబూ, నీ చేప...' అన్నారాయన. ఆ తర్వాతి మాట ఏమిటో అడిగితే నోటి ముత్యాలేం రాలిపోయేవి కావు. పొద్దున అడగలేదు. ఇప్పుడు అడగాలనిపించింది.

ఇంటికొచ్చేసరికి భార్య బాల్కనీ గుమ్మంలో కూర్చుని ఉంది. ఏడ్చినట్టుంది. పక్కన తొట్టినిండా ఐసు, అందులో మూత తీయని చేప పెట్టె.

"రాత్రి ఫ్రిజ్ పాడైందట. నీ చేప చెడిపోతుందేమోనని నాన్న పొద్దున్నే ఐసు తెచ్చి ఇందులో పెట్టారు. నీకా రకం ఇష్టం కాబోలనుకుని, బజారంతా తిరిగి అలాంటిదే కొనుక్కొచ్చారు."

"మామయ్యగారేరి?"

"నేను స్నానం చేసి వచ్చేసరికే సంచి సర్దేసుకున్నారు. కాళ్లావేళ్లా పడ్డా ఆగలేదు. నీకు ఫోన్ చేస్తే ఇక్కడే మోగింది."

అల్లుడు నంబరు నొక్కాడు.

"మామయ్యగారూ, బుద్ధి గడ్డి తిని అన్నాను. క్షమించండి. వెనక్కి వచ్చెయ్యండి."

"అయ్యో, ఎంత మాట అల్లుడుగారూ! మీ పని మీకు ముఖ్యం కదండీ. చేప బాగానే ఉందా? సంతోషం. వీలు చూసుకుని మళ్లీ వస్తాను, ఉంటాను."

"ఏమన్నారు?" అంది భార్య.

"మళ్లీ వీలు చూసుకుని వస్తానన్నారు."

"ఇక గడప తొక్కకూడదనుకున్న ఇళ్లవాళ్లకే ఆయన ఆ మాట చెబుతారు" అని ఆమె లేచి లోపలికి వెళ్లింది.

సాయంత్రం పరీక్షలో తేలింది: పండుగప్ప కడుపులో ఉన్నవాళ్లంతా క్షేమం.