ఖాళీ సందేశం

ఆ ఉదయం వరాహనరసింహం వేసుకున్న పథకం చాలా చిన్నది. రాయగడ ఆఫీసు మేనేజరుగా పదింటికల్లా ఏసీలు ఆపించి, కిటికీలు తెరిపించాలి. పన్నెండింటికి వచ్చే పెద్దాఫీసు అధికారి సౌమ్యరంజన్‌కి కుంతి చేతి భోజనం పెట్టించాలి. ఏ ఆఫీసు ఎంత పర్యావరణహితమో చూడడానికి ఆయన భువనేశ్వర్ నుంచి వస్తున్నాడు. తేడా వస్తే క్యాంటీన్ పొట్లాల భోజనం కంపెనీకి పోతుంది, పద్నాలుగేళ్లుగా నడుపుతున్న కుంతి ఇంటికి పోతుంది. పర్యావరణహితం అన్న మాట ఎవరూ పలకకముందే బియ్యం కడిగిన నీళ్లు బొప్పాయి మొక్కకి పోసిన మనిషి ఆవిడ.

తొమ్మిదిన్నరకి సౌమ్యరంజన్ నుంచి ఫోన్‌లో సందేశం వచ్చింది. ఒడియా మాటలు, ఇంగ్లీషు అక్షరాలు. ప్లాస్టిక్ వద్దన్నది తెలిసింది. ఆఫీసులో ఏదో ఉంచమన్నారు. ఆ ఏదోకి అక్షరాలు కె, హెచ్, ఎ, ఎల్, ఐ. నరసింహం దాన్ని 'ఖాళీ' అని చదివాడు. ఆఫీసు ఖాళీగా ఉంచాలట!

"సామాను తగ్గితే కరెంటు తగ్గుతాది, చెత్త తగ్గుతాది. ఎంత లోతైన మనిషి!" అని మురిసిపోయాడు. సందేశం ఇంకెవరికీ చూపించలేదు. మేనేజరు చదివాక మరొకరు చదవడం దేనికి?

గంటలో బల్లలు, కుర్చీలు, బీరువాలు పెరట్లో షెడ్డుకెక్కాయి. క్యాంటీన్ ప్లాస్టిక్ ప్లేట్లు ఒక బీరువాలో పడ్డాయి, తాళంచెవి ఆయన జేబులో పడింది.

"సార్, నేనెక్కడ కూర్చోవాలి?" అంది కంప్యూటర్ ఆపరేటర్ స్మిత.

"నేల మీద, అమ్మీ. భూమాతని మించిన కుర్చీ ఉందా?"

వీధిలో వాళ్లు చూశారు. ఆఫీసు ఎత్తేస్తున్నారన్న వార్త ఇంటి యజమాని సుందరరావుకి చేరింది.

"ఏటండీ, మాటైనా సెప్పకుండా ఎల్లిపోతన్నారా?" అంటూ ఆయన పరుగున వచ్చాడు. వెనకే సున్నాలు వేసే రాముడు బకెట్టుతో దిగి గోడ గీకడం మొదలెట్టాడు. ఆ వెనక ఇల్లు చూసుకోవడానికి ఒక జంట వచ్చింది.

"వంటిల్లు ఏ పక్కండీ?" అందావిడ.

ఆ మాట కుంతి చెవిన పడింది. గరిటె పట్టుకునే వచ్చింది.

"బాబూ, నా వంటిల్లు కూడా ఒగ్గీయాలా?"

"అదీ ఖాళీయే, కుంతీ. పైనుంచి ఆర్డరు," అన్నాడు నరసింహం. ఆయన ఉద్దేశం ఒక్క పూట. ఆవిడకి వినిపించింది మాత్రం పద్నాలుగేళ్లు. కొంగుతో కళ్లొత్తుకుంది.

"సరే బాబూ. ఎల్లేముందు అందరికీ నా సేత్తో ఒక్క పూట పెట్టీసి ఎల్తాను."

వంట సిద్ధంగానే ఉంది, ప్లేట్లే లేవు. నడి ఎండలో సంతకి నడిచింది.

సౌమ్యరంజన్ వచ్చేసరికి సిబ్బంది నేల మీద వరసగా కూర్చున్నారు, రాముడు గోడ గీకుతున్నాడు, ఆ జంట మంచం ఎటు వేయాలో వాదించుకుంటోంది.

"ఖలి ఎక్కడ?" అని అడిగాడాయన ఒడియాలో.

"అంతా ఖాళీయే సార్! గుండుసూది కూడా మిగల్చలేదు."

"గుండుసూది ఎవడిక్కావాలి? అన్నం దేంట్లో తింటారు?"

స్మిత గబగబా చెవిలో చెప్పింది. "సార్, ఖలి అంటే మా ఒడియాలో ఆకు విస్తరి!"

నరసింహం కింద భూమాత కదిలింది. కుంతి పొట్ట తన చేతులతోనే కొట్టాడు. దేవుడా, ఇప్పుడావిడ ముఖం ఎలా చూడడం?

అప్పుడే కుంతి లోపలికొచ్చింది, చంకలో పెద్ద కట్టతో. కొండల మీంచి సంతకొచ్చిన ఆడవాళ్లు వెదురు పుల్లలతో కుట్టిన అడ్డాకు విస్తర్లు. ఒక్కొక్కరి ముందూ పరిచి, వేడివేడి అన్నం, గోంగూర పప్పు వడ్డించింది.

"ఇదీ ఖలి!" అని సౌమ్యరంజన్ చతికిలబడ్డాడు. మారు వడ్డించుకున్నాడు. భోజనాలయ్యాక ఆవిడ విస్తర్లన్నీ ఏరి బొప్పాయి పక్కన గోతిలో వేస్తుంటే వెనకే వెళ్లాడు.

"ఇది మీకెవరు నేర్పారు?"

"ఏటి బాబూ, తిన్న ఆకు గోతిలో ఎయ్యడానికి కూడా బడికెల్లాలా?"

ఆయన వంగి గోతిలోకి తొంగి చూశాడు. తర్వాత నరసింహంతో చెప్పాడు: "ఈ క్యాంటీన్ ఈవిడదే. మిగతా శాఖలు ఈవిడ దగ్గరికొచ్చి నేర్చుకుంటాయి."

కుంతి నమ్మలేక నరసింహం వైపు చూసింది. ఆయన తలూపాడు. సిగ్గుతో కొంత, సంతోషంతో ఎక్కువగా కళ్లు చెమర్చాయి. అంత దిగులులోనూ పదిమందికి విస్తరి వేసిన చెయ్యి ఎంత గొప్పది!

మర్నాడు అదే సందేశం కోరాపుట్ శాఖకి వెళ్లింది. పది నిమిషాల్లో అక్కడి మేనేజరు అనంత్ నరసింహానికి ఫోన్ చేశాడు.

"గురువుగారూ, బీరువాలు కూడానా?"