మేస్త్రి చేతి బిగువు

ఆ పొద్దున అనుకున్న పని చాలా చిన్నది. నీళ్ళ పంపుల కార్ఖానాకు బోల్టులు బిగించే కొత్త మిషను వచ్చింది. ఎంత బిగువు పెట్టాలో దానికి పెద్దమేస్త్రి చేతిని చూసి నేర్పాలి. అన్నాల వేళకు అయిపోవాలి. ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా పంపు మూతలన్నీ ఆయన చేత్తోనే బిగిశాయి. కారుతోందని ఒక్కటీ తిరిగి రాలేదు. నెలాఖరుకు ఆయన పని మానేస్తున్నాడు.

"సాయంత్రం గంట కొట్టేలోగా మీ చేతి లెక్క తేలాలి మేస్త్రిగారూ," అంది మిషను వెంట వచ్చిన ఇంజనీరమ్మ. "తేలకపోతే బోల్టుల పుస్తకంలో ఉన్న అంకె పెట్టేసి వెళ్ళిపోతా."

ఆ మాట మేస్త్రికి ముల్లులా గుచ్చుకుంది. తన బల్ల మీద ఎవరో రాసిన అంకె వచ్చి కూర్చోవడమా?

ఆమె బిగువు కొలిచే రెంచి చేతికిచ్చి, "రోజూ ఎలా చేస్తారో అలాగే చెయ్యండి," అంది.

అక్కడే వచ్చింది చిక్కు. కార్ఖానా అంతా చుట్టూ మూగింది. రెంచి మీద ఎర్ర అంకెలు మిణుకుమన్నాయి. మేస్త్రి ఫొటో తీయించుకునేవాడిలా నడుం నిటారు చేసి, ఊపిరి బిగబట్టి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టాడు. ముప్ఫై ఎనిమిది. మిషనుకు అదే నేర్పారు. అది మూడో బోల్టు బిగించగానే టప్పుమని తల తెగి, ఎగిరి వెళ్ళి యజమాని టీ కప్పులో పడింది.

"కాస్త మెల్లగా, మేస్త్రిగారూ."

ఈసారి భయం పట్టుకుంది. రెంచిని పురిటిబిడ్డలా పట్టుకున్నాడు. పదకొండు. ఆ పంపులోకి నీళ్ళు వదలగానే మూత చుట్టూతా చిమ్మాయి. అప్పుడే చొక్కా మార్చుకుని వచ్చిన యజమాని మళ్ళీ తడిశాడు.

"నీ చెయ్యేదయ్యా మేస్త్రీ?"

మేస్త్రి తన చేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. "ఇదేనండీ. ఎవరైనా చూస్తుంటే రావట్లేదు."

సరే, ఎవరూ చూడొద్దన్నారు. మిషన్లన్నీ ఆపించి, నలభై మందినీ గోడవైపు తిప్పి నిలబెట్టారు. చీమ చిటుక్కుమంటే వినబడుతోంది. ముప్ఫయ్యొకటి. తొమ్మిది. ఇరవై ఏడు. ఉత్తరాలు తెచ్చిన పోస్టుమాను ఎవరో పోయారనుకుని, టోపీ తీసి తనూ తల వంచుకుని నిలబడ్డాడు.

పొద్దు వాలింది. బోల్టుల కోసం ఎవరూ రావడంలేదేమని స్టోరు కిటికీ మూసి మేస్త్రి బావమరిది బయటికొచ్చాడు. మోకాళ్ళు మొరాయించి పోయిన ఏడు స్టోరులోకి మారాడు గానీ, అంతకుముందు ఇరవయ్యారేళ్ళు మేస్త్రికి ఎదురుగా కూర్చుని పంపులకు హ్యాండిళ్ళు పెట్టినవాడే. బల్లకు ఇవతల మేస్త్రి మోచెయ్యి, అవతల అతని మోచెయ్యి అరగదీసిన గుంటలు ఇంకా ఉన్నాయి. వచ్చి తన పాత స్టూలు మీద చతికిలబడ్డాడు.

"ఏం బావా, మూత బిగించడానికి ముహూర్తం చూస్తున్నావా? మా అక్క జంతికల డబ్బా మూత ఇంతకంటే గట్టిగా పెడుతుంది."

"ఎవరు వస్తారనిరా అంత గట్టిగా పెట్టడం? నువ్వొస్తావనేగా!"

"నువ్వు ఖాళీ చేశాక నాకేం మిగులుతుందిలే!"

"నోరు చూడు! ఒక్క హ్యాండిలైనా తిన్నగా పెట్టావట్రా నీ జన్మలో?"

"నీ మూతలు వంకరైతే నా హ్యాండిళ్ళేం చేస్తాయి బావా!"

ఇద్దరి మీసాలూ నల్లగా ఉన్ననాటి తగువే అది. మేస్త్రి చూపు బావమరిది మీదే ఉంది. చెయ్యి మాత్రం దాని దారిన అది తిరుగుతోంది. ఇరవై నాలుగు. ఇరవై నాలుగు. ఇరవై నాలుగు. బావమరిది మంచినీళ్ళు తాగడానికి ఆగాడు. ఇరవై తొమ్మిది.

"ఆపకండి!" అని అరిచింది ఇంజనీరమ్మ. "ఏదో ఒకటి అనండి బాబూ!"

చివరికి మిషను ఇరవై నాలుగుకు బిగించింది. యజమాని గొడుగు వేసుకుని వచ్చి నిలబడ్డాడు. ఒక్క చుక్క కారలేదు. గంట కొట్టారు. తన చెయ్యి మిషనులో నిలిచినందుకు మేస్త్రి కళ్ళు చెమర్చాయి.

రాతకోతల కోసం ఇంజనీరమ్మ బోల్టుల పుస్తకం తెరిచి, అందరికీ కనబడేలా బల్ల మీద పెట్టింది. ఆ బోల్టుకు అందులో రాసి ఉన్నదీ ఇరవై నాలుగే.

"అంటే పొద్దున్నే ఇది చూసి ఉంటే..." అన్నాడు యజమాని, గొడుగు ముడుస్తూ.

మేస్త్రి కళ్ళజోడు పెట్టుకుని ఆ అంకెను చూశాడు.

"ఇది రాసినాయన, పాపం, ఎదురుగా ఏ బావమరిదిని కూర్చోబెట్టుకున్నాడో," అన్నాడు.